లేదన్నది నిజంగా లేదా? – పేర్ల జ్ఞాపకానికి ఒక చిన్న చరిత్ర

నా చిన్ననాట మా నాయనమ్మ నిజామాబాదును ఒక్కనాడూ ఆ పేరుతో పిలువలేదు. బోధనులో బండెక్కే ముందు కిటికీ దగ్గర ఆమె అడిగేది "ఇందూరుకు రెండు టికెట్లు" అనే. లోపలి గుమాస్తా మారుమాటాడక "నిజామాబాదు" అని అచ్చు వేసిన అట్టముక్కలు రెండు చేతిలో పెట్టేవాడు. జానకంపేట మీదుగా బండి మమ్మల్ని చేర్చవలసిన చోటికే చేర్చేది.

సికిందరాబాదు–మన్మాడు రైలుమార్గం మీది స్టేషనుకు నిజాము పేరు పెట్టడంతో 1905లో ఇందూరు నిజామాబాదు అయినదని జిల్లా చరిత్ర చెబుతుంది. అంటే పేరు మారిన అరవై ఏళ్లకు కూడ మా నాయనమ్మ జ్ఞాపకంలో పాత పేరే పదిలంగా ఉన్నదన్న మాట. అయినా ఆమె దారి తప్పలేదు. కారణం సులువు. పేరు మారింది గాని చోటు మారలేదు. పాత పేరుకు కొత్త పేరును జోడించి చెప్పగల గుమాస్తా కిటికీ వెనుక ఉన్నాడు.

దీనికి తలకిందులుగా జరిగితే? పేరు నిలిచి ఉండి చోటు మారితే? లేదా చోటూ పేరూ రెండూ ఉండగానే మధ్యలోని గుమాస్తా "అటువంటి ఊరే లేదు" అంటే? ఈ రెండు ప్రశ్నలూ కంప్యూటర్ల లోకాన్ని యాభై ఏళ్లుగా వెంటాడుతున్నవి. వాటి చరిత్రను తెలుగు పంతులుకు చేతనైన భాషలో చెప్పాలని ఈ ప్రయత్నం. చెప్పడానికి నాకొక సొంత కారణం కూడ ఉన్నది. అది దారిలో వస్తుంది.

పట్వారీ దగ్గరి అసలు, ఊరూరా నకళ్లు

అంతర్జాలంలో యంత్రాలు ఒకదానినొకటి అంకెలతో గుర్తు పడతాయి. మనిషికి అంకెలు నిలవవు, పేర్లు నిలుస్తాయి. కనుక ప్రతి పేరుకూ దాని అంకె ఏదో చెప్పే పట్టిక ఒకటి కావాలి. 1969లో ఆర్పానెట్ పుట్టినప్పుడు యంత్రాలు వేళ్ల మీద లెక్కించదగినన్ని. 1970ల నుంచి ఆ పట్టిక హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఒకే ఒక్క ఫైలుగా కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది. దానిని ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషీమణి నడిపిన సమాచార కేంద్రం భద్రపరిచేది. కొత్త యంత్రం చేరితే ఆ కేంద్రానికి తెలియపరచాలి. వారు పట్టికలో ఎక్కిస్తారు. తక్కిన వారందరు ఎప్పటికప్పుడు ఆ ఫైలుకు నకలు తెచ్చుకోవాలి.

మా తెలంగాణ పల్లెల్లో పట్వారీ దగ్గరి పహాణీ సంగతి ఎరిగినవారికి ఇందులోని చిక్కు వెంటనే తడుతుంది. అసలు ఒకచోట, నకళ్లు వందచోట్ల. నకలు తీసిన మరునాడే అసలు మారవచ్చు. నకలు పట్టుకున్నవానికి ఆ సంగతి తెలియదు. యంత్రాలు వందలు దాటేసరికి ఫైలు పెరిగింది. నకళ్లు దింపుకొనే రద్దీ పెరిగింది. ఒకరి నకలుకూ మరొకరి నకలుకూ పొంతన కుదరకుండా పోయింది.

1983లో పాల్ మోకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి విరుగుడు చెప్పాడు. అదే నేటి డొమైన్ పేర్ల వ్యవస్థ, క్లుప్తంగా డీఎన్ఎస్. ఆ ఏడు నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 882, 883 పత్రాలు, వాటి స్థానంలో 1987లో వచ్చిన 1034, 1035 పత్రాలు దీనికి మూలగ్రంథాలు. ఒకే పట్వారీ లోకమంతటి లెక్క రాయడం మానేసి అధికారాన్ని అంచెలంచెలుగా పంచడం ఇందులోని మొదటి సూత్రం. మూల సర్వరును అడిగితే "ఆ జిల్లా సంగతి ఫలానా వారిని అడుగు" అంటుంది. జిల్లా వారు మండలం వారిని చూపుతారు. మండలం వారు ఊరివారిని చూపుతారు. చివరికి ఆ పేరు మీద అధికారమున్నవారే జవాబు చెబుతారు. ఈ అంచెలు మారుతూ ఉంటాయన్నది మాకు అనుభవమే. మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆనకట్ట అంగుళం కదలకపోయినా 2016 అక్టోబరులో నిజామాబాదు జిల్లాను విడిచి కొత్తగా ఏర్పడ్డ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది.

ప్రతి చిన్న పనికీ మూలం దాకా వెళ్లి అడగడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మోకపెట్రిస్ రెండవ సూత్రం జోడించాడు. ఒకసారి విన్న జవాబును మధ్యవారు కొంతకాలం గుర్తుంచుకోవచ్చు. ఎంతకాలమో మధ్యవారు తేల్చరు, జవాబు చెప్పిన అధికారే దానితో పాటు చెబుతాడు. సెకన్లలో కొలిచే ఆ గడువు పేరు టీటీఎల్. జవాబు చేతులు మారినా గడువు మళ్లీ మొదటినుంచి మొదలు కాదు. గంట గడువుతో విన్న జవాబును ఇరవై నిమిషాల తర్వాత మరొకరికి చెబితే నలభై నిమిషాల గడువుతోనే చెప్పాలి.

మా బోధన్ ప్రాంతంలో ఈ సూత్రాన్ని ఎవరికీ నేర్పనక్కరలేదు. చెరకు కోసిన క్షణం నుంచే దాని ఆయువు తరుగుతుంది. ఎండకు గడ బరువు తగ్గుతుంది, లోపలి చక్కెర విరిగిపోతుంది. ఒక రోజులోగా మిల్లుకు చేరితేనే దానికి విలువ. బండి మార్చి మరో బండికెత్తినంత మాత్రాన కోసిన వేళ మారదు గదా!

శ్రుతి, స్మృతి

పండిత శిక్షణలో చదువుకున్న పాఠాలు ఇక్కడ నాకు అక్కరకు వచ్చాయి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని అనుభవమని, స్మృతియని రెండుగా విభజించాడు. పూర్వానుభవం మిగిల్చిన ముద్ర నుంచి మాత్రమే పుట్టే తెలివి స్మృతి. మొదటి అనుభవం నిజమైతే స్మృతీ నిజమే, అది తప్పైతే ఇదీ తప్పే. స్మృతికి స్వంత బలం లేదు.

డీఎన్ఎస్ కూడ ఈ భేదాన్ని మరువదు. పేరు మీద అధికారమున్న సర్వరు చెప్పిన జవాబు వేరు, విని గుర్తుంచుకొన్నవాడు చెప్పిన జవాబు వేరు. రెండవ దానిని చూపేటప్పుడు ఎన్ఎస్‌లుకప్ అనే పనిముట్టు "ఇది అధికారికం కాదు" అని ముందే హెచ్చరిస్తుంది. మొదటిది శ్రుతి, రెండవది స్మృతి అనుకుంటే చాలు. ఆ రెంటికీ విరోధం వచ్చినప్పుడు శ్రుతిదే పైచేయి అని జైమిని మహర్షి ఏనాడో తీర్పు చెప్పాడు.

చిక్కల్లా సర్వరు సాఫ్ట్‌వేర్లు రాసినవారు ఈ తీర్పును తలా ఒక తీరుగా పాటించడంలో వచ్చింది. తొలినాళ్ల జావా భాష ఒకసారి తెలుసుకున్న చిరునామాను ఆ కార్యక్రమం ఆగిపోయే దాకా వదలేది కాదు. నకిలీ జవాబులు మధ్యలో చొరబడకుండా అని వారు చెప్పిన కారణం. మన ప్రాంతపు రాష్ట్రకూట, చాళుక్య శాసనాలలో దానాలకు పెట్టే గడువు గుర్తుకు వస్తుంది కదూ, ఆచంద్రార్కం! రాతి మీద చెక్కిన దానానికి అది శోభిస్తుంది. రేపు ఇల్లు మారబోయే యంత్రం చిరునామాకు శోభించదు. అవతలి సర్వరు కొత్త చోటికి మారినా ఇవతలి కార్యక్రమం పాత గుమ్మం ముందే నిలబడి తలుపు తడుతూ ఉండేది. తర్వాతి కాలంలో మామూలు పరిస్థితులలో ఆ గడువును అరనిమిషానికి తగ్గించారు.

అపాచీ వెబ్ సర్వరు కథ మరొక తీరుది. వచ్చిన ప్రతి అతిథి అంకెను పట్టుకొని "ఇతని పేరేమిటి" అని తిరిగి విచారించి దినచర్యలో రాసుకునే ఏర్పాటు అందులో ఉన్నది. 1998లో 1.3 కూర్పు వచ్చే దాకా అది అడగకుండానే పనిచేసేది. వాకిట్లోకి వచ్చినవాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా మంచినీళ్లివ్వని గృహస్థు వంటి వ్యవహారమిది. 1.3 నుంచి దానిని ఆపి ఉంచారు. పేర్లు కావలసినవారు లాగ్‌రిజాల్వ్ అనే పనిముట్టుతో తీరికగా తర్వాత తేల్చుకోవచ్చు. ఒకసారి తేల్చిన పేరును అది కూడ గుర్తుంచుకుంటుంది.

ఇక లినక్సులో ఎన్ఎస్‌సీడీ అనే సేవ ఉన్నది. దాని నమూనా అమరికలో హోస్టుల విషయమై "ఉంది" అన్న జవాబుకు 3600 సెకన్లు, "లేదు" అన్న జవాబుకు 20 సెకన్లు గడువు కనిపిస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఇంత తేడా ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమైన రోజు మాత్రం బాగా గుర్తున్నది.

2006 వేసవి

అప్పుడు నేను పనిచేస్తున్న పాఠశాలలో ఐదారు కంప్యూటర్లుండేవి. వాటన్నిటికీ కలిపి ఒకే సన్నని అంతర్జాలపు తీగ. మధ్యన ఒక పాత యంత్రం మీద స్క్విడ్ అనే సాఫ్ట్‌వేరు నడిచేది. ఒకరు తెచ్చిన పుటను దాచి తక్కినవారికి అందించడం దాని పని. దానిని అమర్చింది మా పూర్వ విద్యార్థి ఒకడు. తీగ మీది భారం తగ్గించాలన్న సదుద్దేశంతో పేర్ల గడువులు కూడ పెంచాడు. "ఉంది" అన్న జవాబుకు స్క్విడ్ పెట్టుకున్న గరిష్ఠ గడువు ఆరు గంటలు, "లేదు" అన్న దానికి ఒకే ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని అతడు పూర్తి రోజు చేశాడు. నేనే సరే అన్నాను. మాటిమాటికీ అడగడమెందుకు అనుకున్నాను.

పదవ తరగతి ఫలితాలు వచ్చే ముందురోజు సాయంత్రం ఎవరో ఫలితాల జాలస్థలి తెరిచి చూడబోయారు. సరిగ్గా ఆ వేళకు తీగ తెగింది. పేరును విచారించబోయిన స్క్విడ్‌కు ఎవరూ పలుకలేదు. ఆ మౌనాన్ని అది "లేదు" అని రాసుకున్నది, ఒక రోజు గడువుతో. రాత్రికి తీగ బాగుపడింది. తెల్లవారి పిల్లలు వచ్చారు. స్క్విడ్ మూలాన్ని అడుగనే లేదు. తన జ్ఞాపకంలోంచి "అటువంటి పేరు దొరకలేదు" అని అందరికీ ఒకే జవాబు చెప్పింది. ఫలితాల రోజు రద్దీ మామూలే కదా అని మేమూ అనుమానించలేదు. పక్కవీధిలోని ఇంటర్నెట్ కేంద్రం ముందు వరుస రోడ్డు మీదికి వచ్చింది.

బోధన్ దగ్గరి పల్లె నుంచి చెరకు రైతు కూతురు ఒకతె వచ్చింది. పాసైతే కాలేజీ, లేకుంటే చదువు చాలు అని ఇంట్లో తేల్చి పంపారట. పొద్దుటి నుంచి మా గదిలో ఆ తెర ముందే కూర్చున్నది. సాయంత్రం చివరి బస్సుకు లేచి వెళ్లిపోయింది. "లేదు" అన్న మాటను ఆ పిల్ల జాలస్థలి గురించి చెప్పినట్టు విన్నదో, తన నంబరు గురించి చెప్పినట్టు విన్నదో నేను అడుగలేదు. అడిగి ఉండవలసింది.

మరునాడు పత్రికలో ఆమె నంబరు ఉన్నది. మధ్యాహ్నం మార్కుల కోసం వచ్చింది. అప్పటికి ఒక రోజు గడువు తీరింది, పుట ఇట్టే తెరుచుకున్నది. ఆ పిల్ల నన్ను చూసి, "నిన్న లేదన్నది ఇయ్యాల ఎట్లొచ్చింది సార్?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది.

యోగ్యానుపలబ్ధి

ఆ జవాబు కోసం వెదుకుతూ 1998 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2308 అనే పత్రం దాకా వెళ్లాను. "లేదు" అన్న జవాబును ఎలా గుర్తుంచుకోవాలన్నదే ఆ పత్రపు విషయం. అందులో ఒక సూక్ష్మమైన విభజన ఉన్నది. అధికారి స్వయంగా "ఆ పేరు లేదు" అని చెప్పడం ఒకటి. దానిని అధికారి పెట్టిన గడువు వరకు గుర్తుంచుకోవచ్చు. ఒకటి నుంచి మూడు గంటల దాకా మంచిదని, రోజు దాటితే ఇబ్బందులని పత్రం అంటుంది. అడిగినా ఎవరూ పలుకకపోవడం, పలికినవాడు తడబడడం మరొకటి. దానిని గుర్తుంచుకుంటే ఐదు నిమిషాలకు మించరాదని ఆజ్ఞ.

చదవగానే మా గురువుగారు చెప్పిన కుండ పాఠం గుర్తుకు వచ్చింది. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ఒక ప్రమాణంగా అంగీకరించారు. నేల మీద కుండ కనబడలేదు, కాబట్టి కుండ లేదు. అయితే కనబడకపోవడం ఎల్లప్పుడూ ప్రమాణం కాదు, అది యోగ్యమై ఉండాలి. అంటే, కుండ ఉంటే తప్పక కనబడి ఉండేది అనదగిన వెలుతురు ఉండాలి. చీకటి గదిలో తడుముకుని కుండ లేదనరాదు. తెగిన తీగ చీకటి గది. ఆ చీకట్లో కనబడనిదానిని మా స్క్విడ్ లేనిదిగా లెక్కగట్టింది. ఆ లెక్కను ఒక రోజు పాటు నమ్మమని చెప్పినవాడిని నేను.

స్క్విడ్‌లో మరొక మెలిక కూడ ఉన్నది. "లేదు"కు పెట్టిన ఆ అంకెనే అది "ఉంది" అన్న జవాబుకు కనిష్ఠ గడువుగా కూడ తీసుకుంటుంది. అంటే మేము రెండువైపులా తప్పు చేశాం. ఐదు నిమిషాలలో చిరునామా మార్చుకోదలచిన జాలస్థలిని సైతం మా యంత్రం రోజంతా పాత చోటే వెదికి ఉండేది. ఒక మీట తిప్పితే మరొక తూము తెరుచుకునే అమరికలు ఈ విద్యలో అనేకం. మార్చే ముందు ఆ అంశం కింది వివరణ చివరిదాకా చదవడమొక్కటే రక్ష.

ఈ అనుభవంతో నేను పాటిస్తున్న నియమాలు నాలుగు. అధికారి చెప్పిన గడువును మించి ఏ జవాబునూ దాచను. "లేదు"ను "ఉంది" కన్న చాలా తక్కువ సేపు నమ్ముతాను. యంత్రం చోటు మార్చవలసి వస్తే ఒకటి రెండు రోజుల ముందే గడువును నిమిషాలకు తగ్గించి, పాత నకళ్లన్నీ ఆరిపోయాక మారుస్తాను. మారిన తర్వాత కూడ కొన్నాళ్లు పాత గుమ్మంలో దీపం ఉంచుతాను, మా నాయనమ్మ వంటివారి కోసం.

మూలం మూగబోయినప్పుడు

ఇంతకూ స్మృతికి గౌరవమే లేదా? ఉన్నది. జైమిని తీర్పులో రెండవ సగం కూడ ఉన్నది. విరోధం లేనప్పుడు స్మృతి వెనుక ఒక శ్రుతి ఉండి ఉంటుందని ఊహించి దానిని ఆచరించవచ్చు. 2016 అక్టోబరు 21న అమెరికాలో డిన్ అనే పేర్ల సంస్థ మీద దాడి జరిగి, దాని సర్వర్లు పలుకలేని స్థితికి వచ్చాయి. జాలస్థలులు తమ చోట తాము క్షేమంగా ఉన్నా వాటి దారి చెప్పేవారు లేక అనేకులకు అందకుండా పోయాయి. అటువంటి వేళల కోసం 2020 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8767 ఒక సడలింపు ఇచ్చింది. మూలం పలుకనప్పుడు మాత్రమే గడువు తీరిన పాత జవాబును ఇవ్వవచ్చు. అది కూడ ముప్ఫై సెకన్ల చిన్న గడువుతో, మూలాన్ని మళ్లీ మళ్లీ అడుగుతూనే. వినబడనప్పుడు పాత "ఉంది"ని కొంత నమ్మవచ్చు గాని, వినబడకపోవడాన్ని "లేదు"గా మార్చుకోరాదు. నలభై ఏళ్ల అనుభవం మీద ఈ విద్య తేల్చుకున్న ధర్మమిది.

ఇది యంత్రాల ధర్మమే కాదేమో. బౌద్ధుల అంగుత్తర నికాయం చెప్పిన పదహారు మహాజనపదాలలో దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన నగరమే నేటి మా బోధన్ అని చరిత్రకారులు గుర్తించారు. స్థలపురాణం దానినే భారతంలోని ఏకచక్రపురమంటుంది. మా ప్రాంతానికి చెప్పుకోదగిన పాత చరిత్రే లేదన్నవారిని నేను ఎరుగుదును. వారు వెదికిన గదిలో దీపం ఉన్నదా అన్నదే నేను అడిగే ప్రశ్న.

జ్ఞాపకం చెప్పలేనిది మరొకటి కూడ ఉన్నది. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి నిజాం డెక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత ఒకసారి బోధన్‌లో ఆటో ఎక్కి "ఫ్యాక్టరీకి" అన్నాను. ఏ ఫ్యాక్టరీ అని అతడు అడుగలేదు, సరిగ్గా గేటు ముందే దింపాడు. పేరు తప్పు కాదు, చోటు తప్పు కాదు, దారి తప్పు కాదు. లోపలి నుంచి మాత్రం కూత వినబడలేదు. పేరుకు చోటును చూపేవాడు చేయగలిగింది అంతవరకే. తలుపు తట్టి చూడవలసినవాళ్లం మనమే.

ఆనాడు బదులు చెప్పలేకపోయిన ఆ విద్యార్థినికి ఈ వ్యాసమే జవాబు. అమ్మా, ఆ రోజు నీ ఫలితం ఉన్నది. మేము చీకట్లో చూసి లేదన్నాము.

స్వస్తి.